పావు మైలులో మొదటి 60 అడుగులు

ఆగి ఉన్న రెండు వాహనాలు ఒకే సూచనతో బయలుదేరి, వంపు లేని దారి మీద పావు మైలును, అంటే 1,320 అడుగుల లేదా సుమారు 402 మీటర్ల దూరాన్ని, ఏది ముందుగా దాటుతుందో తేల్చే పోటీని డ్రాగ్ రేసింగ్ అంటారు. ఇందులో మలుపులు, చుట్లు ఏవీ ఉండవు కనుక యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కిపట్టడం తప్ప ఈ ఆటలో నేర్పేమీ లేదని బయటివారు అనుకోవడం సహజం. అయితే ఉత్తరాంధ్ర తీర్థాల్లో ఎడ్ల పరుగు పందేలు చూస్తూ పెరిగిన అనకాపల్లి ప్రాంతపు పాఠకులకు, దూరం తక్కువైన కొద్దీ బయలుదేరే తీరుకు విలువ పెరుగుతుందన్న సంగతి కొత్తది కాదు. రోజూ ఆఫీసుకూ బజారుకూ తిరిగే మామూలు కారుకు చిన్నపాటి మార్పులు చేసి పావు మైలు సమయాన్ని తగ్గించుకోవాలనుకునేవారు ముందుగా ఇంజిను వైపు చూస్తారు. లెక్కలు మాత్రం ముందు టైర్ల వైపు, డ్రైవరు ఎడమ కాలి వైపు చూడమంటాయి.

సమయాన్ని కొలిచే పద్ధతి తెలిస్తే ఈ మాటకు అర్థం దొరుకుతుంది. ట్రాక్ మొదట్లో నేలకు కొద్ది ఎత్తున రెండు కాంతి కిరణాలు దారికి అడ్డంగా ప్రసరిస్తూ ఉంటాయి. వాటి మధ్య ఎడం సుమారు 7 అంగుళాలు. కారు ముందు చక్రం మొదటి కిరణాన్ని అడ్డుకోగానే ప్రీ-స్టేజ్ దీపం, రెండోదాన్ని అడ్డుకోగానే స్టేజ్ దీపం వెలుగుతాయి. ఆ తరువాత, క్రిస్మస్ ట్రీ అని పిలిచే దీపస్తంభం మీద మూడు పసుపు దీపాలు అర సెకను ఎడంతో వరుసగా వెలిగి, చివరకు పచ్చదీపం వెలుగుతుంది. పచ్చదీపం వెలిగినప్పటి నుంచి చక్రం కిరణాన్ని వదిలే వరకు పట్టిన కాలం రియాక్షన్ టైమ్; కిరణాన్ని వదిలిన క్షణం నుంచి పావు మైలు గీత దాటే వరకు పట్టిన కాలం ఎలాప్స్‌డ్ టైమ్, వాడుకలో ఈటీ. అంటే డ్రైవరు దీపం చూసి కొంత ఆలస్యంగా కదిలితే పక్కవాడి చేతిలో ఓడిపోవచ్చు గాని, అతని ఈటీ ఏమాత్రం చెడదు. పైగా స్టేజ్ దీపం వెలిగీ వెలగగానే కారును ఆపితే, కిరణాన్ని వదలడానికి ముందు చక్రం దాదాపు ఒక అడుగు దొర్లుతుంది కనుక, గడియారం మొదలయ్యే సరికే కారు కదలికలో ఉంటుంది. రెండు అంగుళాలు ముందుకు జరిగి నిలిపిన కారుకు ఆ లాభం తగ్గిపోతుంది. పైసా ఖర్చు లేకుండా ఈటీని తగ్గించే మొదటి ఉపాయం ఇదే.

ఇక ఇంజిను లెక్క. ఒక కారు ఇంజిను తన పూర్తి శక్తిని మొదటి నుంచి చివరి దాకా చక్రాలకు అందించగలిగిందని, గాలి నిరోధం వంటి నష్టాలేవీ లేవని అనుకుంటే, నిర్ణీత దూరానికి పట్టే కాలం బరువును శక్తితో భాగించగా వచ్చిన సంఖ్య ఘనమూలాన్ని బట్టి మారుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. అమెరికాలో పందేల ఫలితాలను పరిశీలించినవారు అనుభవం మీద కట్టిన సూత్రాలు కూడా ఈ ఘనమూలం దగ్గరికే చేరాయి. మన రోడ్ల మీద విరివిగా కనిపించే, 2021-24 నాటి మారుతి స్విఫ్ట్ 1.2 లీటర్ల పెట్రోలు కారును ఉదాహరణగా తీసుకుంటే, దాని ఇంజిను 6,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 90 పీఎస్, అంటే 66 కిలోవాట్ల శక్తినిస్తుంది. డ్రైవరుతో, పెట్రోలుతో కలిపి బరువు 960 కిలోలు అనుకుంటే, నష్టాలు లేని ఆదర్శ లెక్క ప్రకారం పావు మైలుకు 14 సెకన్ల లోపే చాలు. వాస్తవంలో ఈ తరగతి కారుకు 18 సెకన్ల దాకా పడుతుంది. ఈ నాలుగు సెకన్ల తేడా ఎక్కడ పోతున్నదో వెతకడమే అసలు పని.

ఘనమూలం అన్న మాటలో ఒక కఠినమైన సత్యం దాగి ఉంది. ఇంజిను శక్తిని 10 శాతం పెంచితే సమయం 10 శాతం తగ్గదు, 3 శాతమే తగ్గుతుంది. 18 సెకన్ల కారుకు అది సుమారు అర సెకను. శక్తిని ఏకంగా రెట్టింపు చేసినా సమయం తగ్గేది అయిదో వంతే. ఇంజిను మీద పెట్టే ప్రతి రూపాయీ ఈ ఘనమూలపు జల్లెడలోంచి జారాక మిగిలిందే కాలరూపంలో చేతికి వస్తుంది కనుక, షెడ్డులో చెప్పే హార్స్‌పవర్ అంకెలకూ ట్రాక్ మీద కనిపించే అంకెలకూ అంత దూరం ఉంటుంది.

మొదటి గేరులో కథ వేరు. అక్కడ ఇంజినుకు శక్తి చాలకపోవడం సమస్య కాదు, ఉన్న శక్తిని నేలకు దించలేకపోవడం సమస్య. కారు ముందుకు దూకేటప్పుడు బరువు వెనక్కు మళ్లుతుంది. ఈ మళ్లే బరువు కారు త్వరణాన్ని, దాని గురుత్వకేంద్రం ఎత్తును, ముందు వెనుక చక్రాల మధ్య దూరాన్ని అనుసరించి ఉంటుంది. చక్రాల మధ్య 2,450 మిల్లీమీటర్ల దూరం ఉన్న స్విఫ్ట్ వంటి కారు గురుత్వాకర్షణలో పదింట నాలుగు వంతుల త్వరణంతో బయలుదేరితే, మొత్తం బరువులో దాదాపు 9 శాతం, అంటే 85 కిలోలకు పైగా, ముందు చక్రాల మీద నుంచి తొలగిపోతుంది. ఇటువంటి కార్లలో ఇంజిను తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి, పట్టు అత్యవసరమైన క్షణంలోనే ఆ చక్రాల పట్టు సడలుతుంది. మామూలు రోడ్డు టైరుతో ఇంతకు మించిన త్వరణం సాధ్యం కాదు. మొదటి గేరులో ఇంజిను ఇవ్వగల లాగుడు మాత్రం దీనికన్నా ఎక్కువే. ఆ మిగులు శక్తి అంతా టైరు గిర్రున తిరగడంలో, పొగలో, కీచుమన్న మోతలో పోతుంది. చూసేవారికి హుషారు కలిగించే ఆ దృశ్యం డ్రైవరుకు నష్టమే.

అందువల్లనే అనుభవజ్ఞులు మొదటి 60 అడుగుల సమయాన్ని విడిగా చూస్తారు. పట్టణాల్లో తిరిగే, ఇంజిను ముందు చక్రాలను తిప్పే కారుకు ఇది రెండున్నర సెకన్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఈ 18 మీటర్లలో పదోవంతు సెకను మిగిలితే, పావు మైలు చివర దానికి ఒకటిన్నర రెట్ల దాకా లాభం కనిపిస్తుందని పందేలవారి అనుభవం. ఎందుకంటే ముందుగా వేగం అందుకున్న కారు ఆ వేగాన్ని మిగిలిన దారి పొడవునా వెంట తీసుకుపోతుంది. టైరు ఏమాత్రం జారకుండా తిరిగినప్పుడు గాని, పూర్తిగా జారిపోయినప్పుడు గాని గరిష్ఠమైన పట్టు దొరకదు. కారు వేగం కన్నా చక్రం వేగం 10 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నప్పుడు అది దొరుకుతుంది. ఆ స్థితిని పట్టుకోవడానికి డ్రైవరు ఇంజినును 2,500, 3,000 ఆర్‌పీఎంల మధ్య నిలిపి, క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేయకుండా, పట్టు తగిలే చోట అర సెకను నుంచి ఒక సెకను వరకు పాదాన్ని నిలకడగా ఉంచి, కారు కదిలి టైరు నేలను కరిచిందని సీటు ద్వారా తెలిశాకే పూర్తిగా వదలాలి. టైరు మోత కొద్దిగా, సన్నగా వినిపిస్తే సరిపోయినట్లు. పెద్దగా అరిస్తే యాక్సిలరేటర్ కొంత తగ్గించాలి. మరీ ఎక్కువసేపు క్లచ్ జార్చితే ప్లేటు కాలిన వాసన వస్తుంది గనుక పరుగుకూ పరుగుకూ మధ్య విరామం తప్పనిసరి. ఈ నైపుణ్యం పుస్తకం చదివితే రాదు, ఒకే పనిని శ్రద్ధగా పదేపదే చేస్తేనే వస్తుంది.

టైరులో గాలి కూడా ఇక్కడ పనిముట్టే. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలో కంపెనీ సూచించిన ఒత్తిడి కన్నా ముందు టైర్లలో మూడు, నాలుగు పీఎస్ఐ తగ్గిస్తే నేలను తాకే భాగం పెరిగి పట్టు మెరుగుపడుతుంది. వెనుక టైర్లలో కొద్దిగా పెంచితే దొర్లేటప్పటి నిరోధం తగ్గుతుంది. అంతకు మించి తగ్గిస్తే చివరన వేగం పెరిగినప్పుడు కారు అటూ ఇటూ ఊగుతుంది, రిమ్ము మీద టైరు కదిలే ప్రమాదమూ ఉంది. పరుగు ముగించి తిరిగి హైవే ఎక్కే ముందు గాలి యథాస్థితికి నింపడం మరచిపోరాదు. పాతబడి గట్టిపడిన టైరుతో ఈ ప్రయత్నాలన్నీ వృథా. టైరు పక్కగోడ మీద, తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలిపే నాలుగంకెల ముద్ర చూసి వయసు లెక్కకట్టడం అన్ని మార్పుల కన్నా ముందు చేయవలసిన పని. ఖర్చు పెట్టగలిగినవారు ఏదైనా ఒకే వస్తువు కొనదలిస్తే, అది మంచి పట్టున్న మెత్తని రబ్బరు టైర్ల జత కావాలి.

బరువు తగ్గించడం ఎవరికైనా అర్థమయ్యే ఉపాయమే అయినా, ఎంత తగ్గిస్తే ఎంత ఫలితమో తెలిసినవారు తక్కువ. పక్కసీట్లో 70 కిలోల మిత్రుణ్ని కూర్చోబెట్టుకుంటే పావు మైలుకు దాదాపు 0.4 సెకను అదనం. 37 లీటర్ల ట్యాంకును నింపకుండా పావు వంతు పెట్రోలుతో వస్తే 20 కిలోలు తగ్గి, పదోవంతు సెకను కలిసివస్తుంది. స్టెప్నీ, జాకీ, డిక్కీలో నెలల తరబడి పేరుకున్న సామాను తీసి పక్కన పెడితే మరో పదోవంతు. ఇవన్నీ గంటలో తీసి గంటలో తిరిగి పెట్టగలిగేవి, చట్టంతో పేచీ లేనివి. చక్రాల బరువుకు మాత్రం ప్రత్యేక స్థానం ఉంది: టైరు అంచున ఉన్న కిలో బరువును ముందుకు తోయడంతో పాటు గుండ్రంగా తిప్పవలసి కూడా ఉంటుంది కనుక, త్వరణం విషయంలో అది రెండు కిలోలతో సమానం. చూడముచ్చటగా ఉంటాయని కంపెనీ చక్రాలు తీసి పెద్ద సైజు అల్లాయ్ వీల్స్, వెడల్పాటి బరువైన టైర్లు వేయించుకోవడం మన పట్టణాల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే మార్పు. పికప్‌ను అన్నిటికన్నా నిశ్శబ్దంగా తినేసేది కూడా అదే.

గేర్లు మార్చడంలో చేయి దురుసుతనం కన్నా ఖచ్చితత్వం ముఖ్యం. మార్చే ప్రతిసారీ దాదాపు అర సెకను పాటు ఇంజిను శక్తి చక్రాలకు చేరదు. 402 మీటర్లలో ఇలా రెండు, మూడు సార్లు జరుగుతుంది. గరిష్ఠ శక్తి వచ్చే 6,000 ఆర్‌పీఎం దాటి కొంత దూరం లాగి మారిస్తే, తరువాతి గేరులో ఇంజిను మరీ కిందికి పడిపోకుండా బలమున్న చోటనే అందుకుంటుంది. ఏసీ ఆపడం కూడా చిన్న విషయం కాదు, కంప్రెసర్ రెండు మూడు కిలోవాట్లు తీసుకుంటుంది.

వాతావరణం సంగతి తీరాంధ్ర వారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఇంజిను బలం అది పీల్చే గాలిలోని ఆక్సిజన్‌ను బట్టి ఉంటుంది. గాలి వేడెక్కితే పలుచబడుతుంది, తేమ పెరిగితే ఆక్సిజన్ చోటును నీటి ఆవిరి ఆక్రమిస్తుంది. సముద్రానికి చేరువలో, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న అనకాపల్లిలో గాలి పీడనం పరిపూర్ణంగా దొరుకుతుంది, అది ఈ ప్రాంతపు వరం. ఉక్కపోత మాత్రం ఆ వరాన్ని కొంత వెనక్కు తీసుకుంటుంది. సంక్రాంతి నాటి తెల్లవారుజామున 18 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోల్చితే, మే నెల మధ్యాహ్నపు 38 డిగ్రీల గాలి సాంద్రత 6 శాతానికి పైగా తక్కువ, దానికి తేమ వల్ల పోయే భాగం అదనం. టర్బో లేని కారులో ఇది పావు మైలుకు దాదాపు 0.4 సెకను తేడాగా తేలుతుంది. వేలకు వేలు పోసి పెద్ద శబ్దం చేసే ఎయిర్ ఫిల్టర్ బిగించి, అది ఇంజిను మీది వేడిగాలినే పీల్చేలా వదిలేసినవారు లాభానికి బదులు నష్టం కొనుక్కున్నట్లే. పరుగుల మధ్య బానెట్ తెరిచి ఇంజినును చల్లబడనివ్వడం, మొదటి పరుగును ఉదయాన్నే తీయడం ఫిల్టరు కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

ఇంజిను మార్పుల్లో నిజమైన బలమిచ్చేది రీమ్యాప్, అంటే ఇంధనం, ఇగ్నిషన్, టర్బో ఒత్తిడిని నియంత్రించే కంప్యూటర్‌లోని అంకెలను సవరించడం. టర్బో ఉన్న పెట్రోలు, డీజిల్ కార్లలో దీనివల్ల శక్తి గణనీయంగా పెరుగుతుంది. టర్బో లేని చిన్న ఇంజిన్లలో స్వల్పమే. ఇక్కడ చట్టం అడ్డు వస్తుందని దాచడం పాఠకులకు ద్రోహం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తున్నది. తయారీదారు ఇచ్చిన మూల స్వరూపానికి భిన్నమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పొగ, శబ్దాల పరిమితులు దాటించే సైలెన్సర్ మార్పు ఇరుగుపొరుగు నిద్రను చెడగొట్టడమే గాక, చిన్న ఇంజినుకు చెప్పుకోదగ్గ బలమూ ఇవ్వదు. రోడ్డు మీద తిరగవలసిన కారుకు టైర్లు, బరువు, అనువైన వేళ, సాధన అనే దారి ఉండగా, చట్టాన్ని మీరే దారి అక్కర్లేదు.

పరుగు ముగిశాక చేతికిచ్చే టైమింగ్ స్లిప్ ఒక రోగనిర్ణయ పత్రం. దాని మీద 60, 330, 660, 1,000 అడుగుల దగ్గరి సమయాలు, చివరి 66 అడుగుల సగటు వేగమైన ట్రాప్ స్పీడ్ ఉంటాయి. ట్రాప్ స్పీడ్ ప్రధానంగా శక్తి, బరువుల నిష్పత్తిని చెబుతుంది; బయలుదేరడంలోని లోపం దాని మీద అంతగా కనిపించదు. కాబట్టి ట్రాప్ స్పీడ్ బాగా ఉండి ఈటీ బాగాలేకపోతే తప్పు డ్రైవరుది, టైరుది. రెండూ బాగాలేకపోతే ఇంజినుది, బరువుది. ఒక పరుగుకు ఒక్క మార్పే చేసి, స్లిప్ వెనుక టైరు గాలి, ఎండ, గేరు మార్చిన ఆర్‌పీఎం రాసిపెట్టుకునేవారు త్వరగా మెరుగవుతారు. ఫోనులోని యాప్ ఈ పని చేయలేదు: సాధారణ ఫోను జీపీఎస్ సెకనుకు ఒకసారి స్థానాన్ని నమోదు చేస్తుంది, గంటకు 120 కిలోమీటర్ల వేగంలో సెకనుకు కారు 33 మీటర్లు దాటిపోతుంది.

ఆ 120 అన్న అంకె దగ్గర ఆగాలి. 18 సెకన్లలో పావు మైలు దాటే, ఏ ప్రత్యేకతా లేని చిన్న కారు కూడా గీత దగ్గర గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ పరిమితి 100. 120 వేగం నుంచి పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా, బ్రేకు మీదికి కాలు వెళ్లే సెకనుతో కలిపి కారు ఆగడానికి 100 మీటర్లకు పైగా కావాలి. ఆనందపురం, పెందుర్తి మీదుగా అనకాపల్లికి వచ్చే ఆరు వరుసల రహదారి చూడటానికి ఎంత విశాలంగా ఉన్నా, దాని మీదికి పక్క ఊళ్ల నుంచి సైకిళ్లు, బెల్లం దిమ్మెలతో బళ్లు, పశువులు ఎక్కుతూనే ఉంటాయి. అర్ధరాత్రి ఖాళీగా కనిపించే ఆ రోడ్డు నిజానికి ఎప్పుడూ ఖాళీ కాదు. అక్కడ పందెం కట్టడం నేరం మాత్రమే కాదు, దారిన పోయే అమాయకుల ప్రాణాన్ని పణంగా ఒడ్డడం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ బహిరంగ స్థలంలో పందేన్నే గాక వేగపరీక్షను సైతం నిషేధించి, 2019 సవరణ తరువాత మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటున్నది.

న్యాయమైన చోటు ఎక్కడ ఉందంటే, అదే జాతీయ రహదారి 16 దక్షిణాన చెన్నై దాకా తీసుకుపోతుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆధ్వర్యంలోని ట్రాక్ మీద జాతీయ డ్రాగ్ రేసింగ్ పోటీలు జరుగుతూ వచ్చాయి. ఆ క్లబ్ తన ట్రాక్ కట్టుకోక ముందు దశాబ్దాల పాటు, రెండో ప్రపంచయుద్ధం నాటి షోళవరం విమానాశ్రయపు పాత రన్‌వే మీద పందేలు నడిపిందన్న చరిత్ర గమనించదగినది. వాడకం లేని ఒక తిన్నని రన్‌వే ఒక తరం ఆటగాళ్లను తయారు చేసింది. మహారాష్ట్రలో ఆంబీ వ్యాలీ రన్‌వే మీద జరిగే వ్యాలీ రన్ కూడా ఇటువంటిదే.

అమెరికా అనుభవం మరింత స్పష్టమైనది. రెండో ప్రపంచయుద్ధం తరువాత కాలిఫోర్నియా వీధుల్లో యువకులు ప్రాణాలకు తెగించి పందేలు ఆడుతుంటే, వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించి, వారిని వీధుల నుంచి మళ్లించే పనికి పూనుకున్నాడు. ఆ సంఘం తొలి పోటీ 1953 ఏప్రిల్‌లో పొమోనాలో, స్థానిక పోలీసుల సహకారంతోనే జరిగింది. ఇప్పుడు ఆ దేశంలో చాలా డ్రాగ్ స్ట్రిప్‌లు టెస్ట్ అండ్ ట్యూన్ పేరుతో మామూలు కార్లకు సాయంత్రాలు కేటాయిస్తాయి: ఎవరైనా రుసుము కట్టి, కారును తనిఖీ చేయించుకుని తమ సమయం కొలుచుకోవచ్చు. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన డల్లాస్‌కు దక్షిణాన, ఎన్నిస్‌లో 1986 నుంచి ఉన్న టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ అటువంటి స్ట్రిప్‌లలో పేరున్నది.

తెలుగు నేల మీద ఇది అసాధ్యమేమీ కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్క వీధులనే మూసి, కంచెలు కట్టి, ప్రపంచస్థాయి ఫార్ములా ఈ పోటీని నిర్వహించారు. పావు మైలుకు అంత హంగు అక్కర్లేదు. 402 మీటర్ల తిన్నని దారి, ఆగడానికి ఆపైన అంతకు తగ్గని ఖాళీ దారి, ఇరువైపులా కంచె, కాలమాపక కిరణాలు, ఒక అంబులెన్సు, ఒక అగ్నిమాపక శకటం, వాహనాలను తనిఖీ చేసే అధికారులు ఉంటే సరిపోతుంది. 189వ సెక్షన్ నిషేధించేది రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేని పందేలను మాత్రమే. ఆ అనుమతి ఇచ్చే అధికారం చట్టమే ప్రభుత్వం చేతిలో పెట్టింది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో పారిశ్రామిక వాడల వెడల్పాటి రోడ్లలో తగినదొకటి ఎంచి, గుర్తింపు పొందిన మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పర్యవేక్షణలో ఏడాదికి రెండు మూడు ఆదివారాలు మూసి ఇచ్చే విషయాన్ని జిల్లా యంత్రాంగం, రాష్ట్ర ప్రభుత్వం పరిశీలించాలి. అంతవరకు ఈ ప్రాంతపు యువకులు తమ పావు మైలును చెన్నై ట్రాక్ మీదనే కొలుచుకోవాలి గాని, జాతీయ రహదారి మీద కాదు.